ఆ ఎరుపు ఎంత ఎరుపు?

అజంతా గుహల్లోని బొమ్మలకు నకళ్లు తీసే పని 1844లో మొదలైంది. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి ఆ చీకటి గోడల ముందు కూర్చుని, పెద్ద పెద్ద కాన్వాసుల మీద తైలవర్ణాల్లో వాటిని దించి ఇంగ్లండుకు పంపారు. 1866లో లండన్ శివార్లలోని క్రిస్టల్ ప్యాలెస్ అంటుకున్నప్పుడు అక్కడ ప్రదర్శనలో ఉన్న ఆ చిత్రాల్లో చాలా భాగం కాలిపోయింది. 1872లో బొంబాయి ఆర్ట్ స్కూలు తరఫున జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ పనిని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. వాటిలోనూ ఎన్నో 1885లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో జరిగిన మరో అగ్నిప్రమాదానికి బలయ్యాయి. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ బృందం వచ్చింది. అందులో నందలాల్ బోస్ ఉన్నారు, హైదరాబాద్ నుంచి వెళ్లిన సయ్యద్ అహ్మద్ ఉన్నారు. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోది. ఆ రాజ్యపు పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా వెలువరించిన గ్రంథంలో బొమ్మలు ఫొటోల ఆధారంగా అచ్చయ్యాయి. ఆ సంగతిని గ్రంథం పేరులోనే చెప్పుకున్నారు.

ఇంతమంది ఇన్ని దశాబ్దాలు కష్టపడినా, 1844లో గిల్ చూసిన గోడ మీద ఒక నీలం ఎంత ముదురుగా ఉండేదో ఇవాళ ఎవరూ తేల్చి చెప్పలేరు. చేత్తో దించిన నకలులో దించినవారి శిక్షణా, వారి కాలపు అభిరుచీ కలిసిపోతాయి. ఒకరు మొహాలకు యూరప్ పద్ధతిలో నీడలు దిద్దుతారు, మరొకరు గీతనే పట్టుకుంటారు. రెండూ పక్కపక్కన పెడితే ఏది గోడకు దగ్గరో చెప్పడానికి ఆ నకళ్లలోనే కొలత ఏదీ లేదు. పోనీ గోడనే అడుగుదామంటే గోడా మారిపోయింది. బొమ్మలు స్పష్టంగా కనబడాలని నకలు తీసినవారు పూసిన వార్నిష్ కాలక్రమంలో పసుపెక్కి కిందున్న రంగుల్ని కప్పేసింది. కెమెరా చేతికొచ్చాక ఈ చిక్కు తీరిపోయిందని మనం అనుకుంటున్నాం. తీరలేదని నా వాదన. కెమెరాకూ అభిరుచి ఉంటుంది, దాన్ని తయారుచేసినవారు అందులో పెట్టిన అభిరుచి. చిత్రానికి తీసే ఫొటో తనలోనే తన కొలతను మోసుకొస్తే తప్ప అది భద్రపరచదగ్గ నకలు కాదు. కొలత లేని ఫొటో ఎంత ముచ్చటగా ఉన్నా, గిల్ కాన్వాసులాగే అది కూడా ఒకరి అభిప్రాయమే అవుతుంది.

ఈ మాటను మన దగ్గరి వస్తువు మీదే పరీక్షించి చూడవచ్చు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు తెలుగువారికి కొత్త కాదు. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద కలిపి పట్టించి, ఆరాక దాని మీద కుల పురాణాల కథల్ని వరసలుగా రాస్తారు. కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, కాకిపడగలవారు పాండవుల కథను ఇలాంటి పటం విప్పుతూ ఊరూరా చెప్పేవారు. పటానికి ప్రాణం వెనకనున్న ఎరుపు. పాత పటాల్లో అది ఇంగిలీకపు ఎరుపు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ ఎరుపు ఒకటే ముద్దగా ఉండదు. కుంచె పోయిన దారి కనిపిస్తుంది, చుట్టిన చోట పగుళ్లు, చేతులు తగిలి తగిలి పలచబడిన అంచులు, నూనె దీపపు పొగ పట్టిన మసక కనిపిస్తాయి. పటం ఎన్నేళ్లు తిరిగిందో, ఏ బొమ్మ దగ్గర కథకుడి కర్ర ఎక్కువసార్లు ఆగిందో చెప్పే ఆనవాళ్లు ఇవే. మామూలుగా తీసిన ఫొటోలో ముందు పోయేవీ ఇవే. కెమెరా ప్రతి చుక్కనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పాళ్లుగా నమోదు చేస్తుంది. ఇంగిలీకం లాంటి రంగు దగ్గర మిగతా రెండూ కింద ఉండగానే ఎరుపు పాలు గరిష్ఠానికి తాకేస్తుంది. అక్కడి నుంచి పైనున్న తేడాలన్నీ ఒకే అంకెగా మారిపోతాయి. కుంచె జాడ, పగులు, పొగ అన్నీ పోయి ఎర్రటి అట్టముక్క మిగులుతుంది. మొత్తం వెలుతురు సరిగానే ఉందని కెమెరా చెబుతుంటుంది, ఎందుకంటే అది మూడు పాళ్ల సగటునే చూపిస్తోంది. అందుకే ఈ పని తెలిసినవారు ఏ వెలుతురు ఎన్ని చుక్కల్లో ఉందో చూపే గ్రాఫును ఎరుపు పాలుకు విడిగా తెరిచి, అది గరిష్ఠాన్ని సూచించే కుడి అంచుకు తగలకుండా వెలుతురును తగ్గిస్తారు.

ఆ తగ్గింపు ఎంతో, రంగు ఎటు జరిగిందో తర్వాత చూసేవారికి ఎలా తెలియాలి? దీనికే కలర్ చార్టు. 1976లో మ్యాక్‌బెత్ సంస్థ తెచ్చిన 24 గళ్ల కలర్‌చెకర్ ఇప్పటికీ అన్నిచోట్లా వాడుకలో ఉంది. అందులో మనిషి చర్మపు ఛాయలు, ఆకాశం, ఆకు లాంటి రంగులతో పాటు తెలుపు నుంచి నలుపు దాకా ఆరు బూడిద మెట్లు ఉంటాయి. ప్రతి గడి రంగూ ముందే కొలిచి అంకెలుగా ప్రచురించి ఉంది. చిత్రం పక్కన, అదే తలంలో, అదే వెలుతురులో ఈ చార్టును, ఒక స్కేలును పెట్టి తీస్తే ఆ ఫొటోలోకి తూకపు రాళ్లు వచ్చి చేరినట్టే. యాభై ఏళ్ల తర్వాత తెర మారినా, సాఫ్ట్‌వేర్ మారినా, తీసినవారు లేకపోయినా, చార్టులోని గడి ఫొటోలో ఏ అంకె చూపిస్తోంది, అసలు చూపవలసింది ఏమిటి అని సరిపోల్చుకోవచ్చు. ఈ తేడాకు డెల్టా ఈ అనే కొలమానం ఉంది. అది 1 దగ్గర ఉంటే మామూలు కంటికి తేడా తెలియడం కష్టం. అమెరికా ప్రభుత్వ సంస్థల ఫాడ్జీ, నెదర్లాండ్స్‌లోని మెటామార్ఫోజ్ మార్గదర్శకాలు, ఐఎస్ఓ 19264 ప్రమాణం, వీటన్నింటి సారం ఇదే: ఫొటో బాగుందని అనడం చాలదు, ఎంత బాగుందో అంకెల్లో చూపాలి. చార్టు ఒక్క దానితో అన్ని రంగులూ దారికి రావన్నది కూడా నిజమే. కోబాల్ట్ నీలం కంటికి కనిపించే వెలుగుకు చివరన ఉన్న ముదురు ఎరుపును కూడా వెనక్కి కొడుతుంది. మన కన్ను దాన్ని అంతగా పట్టించుకోదు, కెమెరా పట్టించుకుంటుంది, నీలం కాస్తా ఊదాగా తేలుతుంది. అలాంటి చోట చేత్తో సవరించక తప్పదు. చార్టు ఫొటోలోనే ఉంది కాబట్టి ఆ సవరణ ఎంతో కూడా రాసిపెట్టవచ్చు.

కొలత అన్నాక వెలుతురు, కోణం కూడా కొలతకు లొంగాలి. చిత్రానికి రెండు పక్కలా ఒకే రకం దీపాలు, ఒక్కొక్కటి 45 డిగ్రీల కోణంలో, వీలైనంత దూరంగా ఉండాలి. దగ్గరగా పెడితే దీపం వైపు అంచు వెలిగిపోయి మధ్య మసకబారుతుంది. సమానంగా పడుతోందో లేదో కంటితో చూసి చెప్పలేం, కన్ను తేడాల్ని తనంతట తనే సర్దుకుంటుంది. చిత్రం ఉండే చోట తెల్లటి అట్ట పెట్టి ఫొటో తీసి, నాలుగు మూలలా మధ్యలోనూ అంకెలు చదివితే నిజం బయటపడుతుంది. గదిలో ట్యూబులైటు ఆర్పాలి, కిటికీకి నల్లగుడ్డ కట్టాలి. తీసేవారు వేసుకున్న పసుపు చొక్కా కూడా చిత్రం మీద పసుపు ఛాయ వేస్తుంది, నల్లదో బూడిద రంగుదో వేసుకోవడం అందుకే. కెమెరా చిత్రానికి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూడటానికి అతి సులువైన పద్ధతి అద్దం. చిత్రం ఉన్న తలంలోనే ఒక చదునైన చిన్న అద్దాన్ని ఆనించి కెమెరాలోంచి చూస్తే, కటకం ప్రతిబింబం ఫ్రేము నడిమధ్యన కనబడాలి. పక్కకు జరిగి కనిపిస్తే కెమెరా వంకరగా ఉన్నట్టు, అలా తీస్తే చతురస్రం ట్రెపీజియం అవుతుంది. తర్వాత కంప్యూటర్‌లో లాగి సరిచేయవచ్చు గానీ, లాగిన ప్రతి చోటా చుక్కల్ని యంత్రం ఊహించి నింపుతుంది. ఊహను ఎంత తగ్గిస్తే నకలు అంత నమ్మదగినదవుతుంది.

వివరం ఎంత కావాలన్నది కూడా లెక్కే. అంగుళానికి 300 చుక్కలు అచ్చుకు సరిపోతాయని వాడుక. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉన్న పటాన్ని తీసుకుందాం. 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు నమోదు చేసే 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఒకసారికి 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల చిల్లర ఎత్తు పట్టగలదు. ఒకదాని మీదొకటి కొంత ఎక్కేలా తీస్తూ పోతే వెడల్పులో రెండు, పొడవునా నలభై, వెరసి సుమారు 80 ఫొటోలు. ఒక్కోటి 16 బిట్ల టిఫ్ ఫైలుగా 144 మెగాబైట్లు, మొత్తం 11 గిగాబైట్లకు పైగా. కెమెరా కదలకుండా పటాన్ని జరుపుతూ తీయాలి, పటానికి ఎక్కడా మడత పడకూడదు. ఇది ఒక పూట శ్రద్ధగా చేసే పని. అంత వివరం ఎవరికి కావాలి అనవచ్చు. పురాణంలోని ఒక చిన్న పాత్ర కంటికొనలో కుంచె ఎలా తిరిగిందో నేర్చుకోవాలనుకునే చిత్రకారుడికి కావాలి.

ఇక్కడే అందరూ వేసే ప్రశ్న వస్తుంది. చేతిలో 200 మెగాపిక్సెళ్ల ఫోను ఉండగా ఈ హంగామా అంతా దేనికి? ఫోన్లో ఆ అంకె నిజమే అయినా, గోరంత సెన్సరు మీద అన్ని చుక్కలు ఇరికించడం వల్ల మామూలుగా అది పక్కపక్క చుక్కల్ని కలిపేసి తక్కువ చుక్కల ఫొటోనే ఇస్తుంది. అసలు చిక్కు చుక్కల సంఖ్యలో లేదు. ఫోను మనల్ని మెప్పించడానికి తయారైంది. నీడల్ని పైకి లేపుతుంది, అంచుల్ని పదును చేస్తుంది, ఎరుపును ఇంకాస్త ఎరుపు చేస్తుంది, ఏం చేసిందో మనకు చెప్పదు. అయినా ఫోనును తీసిపారేయమని నేను అనను. ఇంట్లో చెక్కపెట్టెలో తాతల నాటి పటం ఉండి, చెదలు పడుతున్నప్పుడు పెద్ద కెమెరా వచ్చేదాకా ఆగమనడం అన్యాయం. ఎండ నేరుగా పడని తెల్లగోడ నీడలో పరిచి, చెట్టు కింద మాత్రం కాకుండా (ఆకుల పచ్చదనం పటం మీద పడుతుంది), పక్కన చార్టు, స్కేలు పెట్టి, ఫోను రా ఫైలు (తను దిద్దని ముడి ఫైలు) ఇవ్వగలిగితే దానిలో తీస్తే అది చాలా విలువైన నకలు. చార్టు లేకుండా ఖరీదైన కెమెరాతో తీసిన ఫొటో కంటే చార్టుతో ఫోన్లో తీసిన ఫొటోకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

స్కానర్ సంగతి వేరు. బాపు గీతల్లాంటి సిరా బొమ్మలకు, చిన్న కాగితాలకు మంచి స్కానర్ కెమెరా కంటే మేలు. వెలుతురు సమానం, తలం సమానం. కానీ పాస్టెల్, బొగ్గు, పెచ్చులూడే రంగు ఉన్న దేన్నీ అద్దం కింద నొక్కకూడదు. అచ్చయిన బొమ్మతో ఇంకో ఇబ్బంది ఉంది. వడ్డాది పాపయ్య (వపా) రంగుల్ని తెలుగు పాఠకుల్లో చాలామంది చందమామ, యువ ముఖచిత్రాల మీదే చూశారు. ఆ అచ్చులో రంగు అంటే నాలుగు సిరాల సన్నని చుక్కల వల. తక్కువ వివరంతో స్కాన్ చేస్తే ఆ వలా, స్కానర్ వలా కొట్టుకుని లేని అలలు పుడతాయి. వాటిని చెరిపే సాఫ్ట్‌వేర్ బొమ్మను నున్నగా చేసి వపా గీతనూ మింగుతుంది. చుక్కలు విడివిడిగా కనబడేంత వివరంతో స్కాన్ చేసి, చుక్కల్ని చుక్కలుగానే దాచుకోవడం మంచిది. అది అచ్చుకు నకలే గాని చిత్రానికి నకలు కాదని కూడా పక్కనే రాయాలి.

వీటన్నింటికంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. అసలు సరైన రంగు అనేది ఉందా? చేర్యాల పటాన్ని రాత్రిపూట నూనె దీపం వెలుగులో, ఆడే జ్వాల ముందు చూసేవారు. ఆ వెలుగులో ఇంగిలీకం మరింత వేడిగా, నీలం దాదాపు నల్లగా కనిపించి ఉండాలి. స్టూడియో దీపాల కింద కొలిచిన రంగును అసలు రంగు అనడం ఆ పటాన్ని దాని బతుకులోంచి వేరు చేయడమే కదా? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. దీనికి నా సమాధానం, భద్రపరిచే నకలు రంగు ఎలా కనిపించిందో చెప్పదు, ఏ వెలుగును ఎంత వెనక్కి కొడుతోందో సుమారుగా చెబుతుంది. అది తెలిస్తే దీపపు వెలుగులో ఎలా ఉండేదో కంప్యూటర్ మీద చూపించుకోవచ్చు, పగటి వెలుగులోనూ చూపించుకోవచ్చు. తీసేవారు ముందే దీపపు వెచ్చదనం కలిపేసి అందంగా తీస్తే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. కొలత నుంచి అనుభూతిని వెతుక్కోవచ్చు, అనుభూతిని కలిపేశాక కొలతను వెనక్కి తేలేం. గీతల ఎత్తుపల్లాలు, గుడ్డ నేత కూడా ముఖ్యమనుకుంటే ఒక పక్క నుంచి వాలుగా వెలుతురు వేసి విడిగా ఇంకో ఫొటో తీయాలి. మెరుపు అడ్డొస్తే దీపాలకూ కటకానికీ పోలరైజర్లు పెట్టడం ఒక పద్ధతి. దానితో మెరుపు పోతుంది గానీ వార్నిష్ ఉనికి కూడా మాయమై, రంగులు అసలుకంటే గాఢమవుతాయి. అలా తీసినట్టు రాయకపోతే అదీ మరో రకం అబద్ధమే.

పటానికి శాశ్వతత్వం ఎందుకు అనేవారూ ఉన్నారు. కథకుల సంప్రదాయంలో పటం చిరిగితే కొత్తది రాయించుకుని పాతదాన్ని శాస్త్రోక్తంగా నీళ్లలో కలిపేవారు. నకలు తీసుకోవడం, అసలును వదిలేయడం ఆ కళ తనకు తాను పెట్టుకున్న నియమమే. ఆ నియమం గొప్పదే, కానీ అది నడవడానికి పటం రాయించుకునే కథకుడు, అడిగే ఊరు, రాసే చెయ్యి మూడూ ఉండాలి. ఇప్పుడు పొడవాటి పటం అడిగేవారు బాగా తగ్గారు. చేర్యాల ఇళ్లలో తయారవుతున్నవి ఎక్కువగా గోడకు తగిలించుకునే చిన్న పటాలు, ముసుగులు, అలంకరణ వస్తువులు. పాత పటం నీళ్లలో కలిస్తే దాని స్థానంలో అంతటి కొత్తది పుట్టే హామీ లేదు. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం లాంటి చోట్లకు చేరిన పాత పటాల వల్లే పూర్వపు చేతి పని ఇవాళ్టి చిత్రకారులకు చూడటానికి మిగిలింది. అందరూ మ్యూజియందాకా వెళ్లలేరు, కొలిచి తీసిన నకలు చిత్రకారుడి ఇంటికే వెళ్లగలదు.

ఫొటోల కోసం వేసే వెలుతురు వల్ల రంగులు వెలిసిపోతాయన్న భయం తీసిపారేయదగ్గది కాదు. అజంతా వార్నిష్ ఉదాహరణ చూశాం, నకలు తీయబోయి అసలును పాడుచేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. అయితే వెలుతురు నష్టం తీవ్రతా సమయమూ కలిసిన లెక్క. గుడ్డ, కాగితం మీది చిత్రాలకు మ్యూజియంలలో 50 లక్స్ హద్దు. రోజుకు 8 గంటలు ప్రదర్శిస్తే 400 లక్స్-గంటలు. 1000 లక్స్ దీపాల కింద పావుగంట తీస్తే 250. అంటే ఒక ఫ్రేముకు అంత సేపు పట్టినా, గోడ మీద ఒక్క రోజు వేలాడిన దానికంటే తక్కువ. సరిగ్గా ఒకసారి తీసి, అడిగినవారందరికీ ఫైలు ఇస్తే పటం విప్పే అవసరమే తగ్గుతుంది. సరిగ్గా తీయనందువల్ల మళ్లీ మళ్లీ తీయడంలోనే అసలు నష్టముంది, ఎందుకంటే విప్పి చుట్టిన ప్రతిసారీ పాత పగులు కొంచెం ముందుకు పాకుతుంది.

అచ్చు కోసం చేసే మార్పులు ఈ మూల ఫైలు మీద చేయకూడదు. నాలుగు సిరాల అచ్చుకు ఇంగిలీకపు నిగారింపు అందదు, ఆ కాగితానికి తగ్గట్టు కొంత రాజీ పడాలి. పడనివ్వండి, నకలుకు నకలు తీసి దాని మీద పడాలి. ఇక్కడ హక్కుల మాట కూడా ఒకటి: మన చట్టంలో చిత్రకారుడి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు కాపీరైటు. 1925లో చిన్న వయసులోనే పోయిన దామెర్ల రామారావు చిత్రాలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. 1992లో కన్నుమూసిన వపా బొమ్మలకు అనుమతి కావాలి. బొమ్మ కొన్నంత మాత్రాన అచ్చు హక్కు రాదు.

రెంబ్రాంట్ వేసిన నైట్ వాచ్ చిత్రాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 8439 ఫొటోలుగా తీసి, 717 గిగాపిక్సెళ్ల ఒక్క చిత్రంగా కుట్టి 2022లో ప్రజల ముందు పెట్టింది. అందులో ఒక్కో చుక్క 5 మైక్రోమీటర్లు. ఆ ఖర్చు మనం పెట్టలేమన్నది ఒప్పుకోవలసిందే. కానీ అక్కడి ఉద్దేశాల్లో ఒకటి మనకూ అందేది: ఇవాళ్టి ఫొటోను రేపటి ఫొటోతో పోల్చి, ఏ రంగు వాడిపోతోందో, ఏ పగులు పెరుగుతోందో ముందే కనిపెట్టడం. దానికి కావలసింది ఒక చార్టు, రెండు ఒకే రకం దీపాలు, ఒక అద్దం ముక్క, ఒక స్కేలు, మామూలు కెమెరా. ఫైళ్లను కనీసం మూడు ప్రతులుగా, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి. వాటితో పాటు తీసిన తేదీ, దీపాల దూరం, కటకం, ఎపర్చర్, పోలరైజర్ పెట్టారా లేదా, చార్టు ఏ ఏడు కొన్నది (చార్టు రంగులు కూడా వెలుస్తాయి) అన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాయాలి. పదేళ్ల తర్వాత ఇంకెవరో అదే పటాన్ని అదే తీరున పరిచి, రెండు ఫొటోల్లోని ఎరుపునూ అంకెల్లో పక్కపక్కన పెట్టి చూడటానికి ఆ నాలుగు వరసలూ కావాలి.